కానుక తెలుగులో, లెక్క మరో భాషలో
దీపావళి వేళ గంజ్ దుకాణాలు, సరిహద్దు రైతు కుటుంబాలు

దసరా వెళ్ళి దీపావళి సమీపించేసరికి రాయచూరు రాజేంద్ర గంజ్‌లో రెండు రకాల సందడి ఒకేసారి మొదలవుతుంది. మొదటిది కొత్త పత్తి రాక. రెండవది కానుకల పంపకం. అడ్తి దుకాణాల వారు తమ వద్దకు సరుకు తెచ్చే రైతులకు మిఠాయి పెట్టె, గోడ కాలెండరు, కొన్నిచోట్ల ఇంటి ఇల్లాలికి రవికె గుడ్డ లేదా చీర ఇచ్చి పంపుతారు. ఎరువులు, విత్తనాలు అమ్మే దుకాణాలలోను, బట్టల కొట్లలోను, బంగారు అంగళ్ళలోను ఇదే ఆచారం ఉన్నది. ఖాతాదారుని పండుగనాడు గుర్తుంచుకోవడం మర్యాద. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఈ మర్యాద వెనుక ఉన్న వ్యాపార సంబంధాన్ని సరిహద్దు గ్రామాల కుటుంబాలు ఒకసారి నిదానంగా పరిశీలించవలసిన అవసరం ఉన్నది. ఎందుకంటే, కానుక అందుకునే నెలలోనే ఆ కుటుంబపు ఏడాది సంపాదన కూడా తూకానికి వెళుతుంది.

ఆకు నుండి పెట్టె దాకా

మన ప్రాంతానికి కృతజ్ఞత తెలుపుకునే సంప్రదాయాలు కొత్త కావు. విజయదశమి నాడు కన్నడిగులు బన్ని అని, మనం జమ్మి అని పిలిచే చెట్టు ఆకును బంగారంగా భావించి ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. బన్ని తీసుకుని బంగారంలా ఉందామన్న మాట రాయచూరు వీధులలో ఆనాడు అందరి నోటా వినిపిస్తుంది. సరిహద్దుకు అవతల గద్వాల, మక్తల్ పల్లెలలో కూడా జమ్మి ఆకు పెట్టి పెద్దలకు నమస్కరించే ఆచారమే ఉన్నది. సంక్రాంతికి కన్నడ ఇళ్ళలో నువ్వులు, బెల్లం కలిపి పంచుతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలలో ఒక ప్రత్యేకత గమనించదగినది. ఆకుకు వెల లేదు. షావుకారు రైతుకు ఇచ్చే ఆకు, రైతు షావుకారుకు ఇచ్చే ఆకు ఒకటే. ఇచ్చినవాడు పెద్ద, పుచ్చుకున్నవాడు చిన్న అన్న భేదం అందులో లేదు.

దీపావళి కానుక స్వభావం వేరు. అది ఒకవైపు నుండే వస్తుంది. ఇచ్చేవాడు గద్దె మీద ఉంటాడు, పుచ్చుకునేవాడు గద్దె ముందు నిలబడతాడు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మౌస్ 1925లో ప్రచురించిన తన గ్రంథంలో కానుకల గురించి ఒక మౌలికమైన విషయాన్ని వివరించాడు. కానుక పైకి స్వచ్ఛందంగా కనిపించినా, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలు దానికి ముడిపడి ఉంటాయని ఆయన సిద్ధాంతం. రైతు తిరిగి మిఠాయి పెట్టె ఇవ్వలేడు. మరి ఏమి ఇస్తాడు? తన సరుకును ఇస్తాడు. మరొక దుకాణంలో ధర అడగకుండా ఉండటం, తరుగు తీసినప్పుడు నోరు మెదపకపోవడం, చీటీ చదవకుండా జేబులో పెట్టుకోవడం, ఇవన్నీ ఆ తిరుగు కానుకలే.

పండుగ నిలిచింది, లెక్క తప్పుకున్నది

అసలు దీపావళికి, వ్యాపారానికి సంబంధం ఎలా ఏర్పడినది? ఉత్తర, పశ్చిమ భారతదేశపు వర్తక కుటుంబాలలో దీపావళి అమావాస్య లక్ష్మీపూజతో పాత ఖాతా పుస్తకం ముగిసి కొత్త పుస్తకానికి పూజ జరుగుతుంది. మన గంజ్‌లలో స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ వర్తకులు ఈ పద్ధతిని పాటించగా, స్థానిక వర్తకులు కూడా దుకాణ పూజను పెద్దయెత్తున జరుపుతారు. ముంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజి 1957 నుండి దీపావళి నాడు ముహూర్తపు వ్యాపారం నిర్వహిస్తున్నది కూడా ఈ సంప్రదాయంలో భాగమే. బెంగాలులో సంవత్సరాది నాడు జరిగే హాల్‌ఖాతా ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అక్కడ వర్తకుడు ఖాతాదారులను దుకాణానికి ఆహ్వానిస్తాడు, వారు పాత బాకీ తీరుస్తారు, అతడు మిఠాయి, కాలెండరు ఇచ్చి కొత్త పుస్తకంలో వారి పేరు రాస్తాడు.

అంటే మిఠాయి, లెక్క ఒకే రోజున, ఒకే గద్దె మీద జరిగే పనులు. పాత పుస్తకం మూసే రోజు కనుక ఎవరెవరికి ఎంత ఇవ్వాలి, ఎంత రావాలి అన్నది తేల్చుకోవడానికి అది సహజమైన సందర్భం. లెక్క తేలిన సంతోషానికి గుర్తుగా మిఠాయి పంచుకునేవారు.

ఆదాయపు పన్ను కోసం పూర్వం వర్తకులు దీపావళి నుండి దీపావళి వరకు తమ లెక్కల సంవత్సరంగా చూపుకునే వీలు ఉండేది. 1989-90 మదింపు సంవత్సరం నుండి అందరూ మార్చి 31తోనే లెక్కలు ముగించాలన్న నియమం వచ్చినది. పన్నుల పాలనకు అది మంచి మార్పే కావచ్చు. కాని ఆచారం విషయంలో ఒక విడాకు జరిగిపోయినది. పూజ, మిఠాయి దీపావళికే ఉండిపోగా లెక్క మార్చికి తరలిపోయినది. మార్చి నాటికి మన పత్తి రైతు సరుకంతా అమ్ముడై, చేతిలో చీటీలు చెదరి, తిరిగి అప్పు కోసం గద్దె ముందుకు వచ్చే సమయం సమీపిస్తుంది. లెక్క అడగవలసిన రోజు పండుగకు దూరమైనది. నేడు మన ఇళ్ళకు వస్తున్నది లెక్క విడిపోయిన మిఠాయి.

లోకం కానుకను ఎలా చూస్తున్నది

ఖాతాదారులకు పండుగ కానుకలు పంపడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. జపానులో ఏడాది చివర ఒసెయిబో పేరుతో వ్యాపార సంస్థలు, వ్యక్తులు తమకు మేలు చేసినవారికి కానుకలు పంపుతారు. అమెరికాలో క్రిస్మస్ సమయంలో సంస్థలు ఖాతాదారులకు బుట్టలు, కార్డులు పంపుతాయి. అయితే అక్కడ పన్ను చట్టం 1962 నుండి ఒక గీత గీసినది. ఒక వ్యక్తికి ఏడాదికి 25 డాలర్లకు మించి ఇచ్చిన వ్యాపార కానుకను ఖర్చుగా చూపుకోవడానికి ఒప్పుకోలేదు. కానుక పెద్దదయ్యేకొద్దీ అది కానుకగా మిగలదు, లంచానికో రాయితీకో దగ్గరవుతుందన్న అనుమానమే దానికి కారణం.

మన దేశంలో కూడా ఈ అనుమానం చట్టాలలోకి వచ్చినది. వ్యాపార సంబంధంగా ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ప్రయోజనం కల్పిస్తే 10 శాతం పన్ను మినహాయించాలన్న నిబంధన 2022 జూలై 1 నుండి అమలులోకి వచ్చినది. కంపెనీలు తమ లక్ష్యాలు చేరిన డీలర్లకు ఇచ్చే కార్లు, బంగారు నాణేలు, విహారయాత్రలు ఈ నిబంధన కిందికి వస్తాయని ఆదాయపు పన్ను శాఖ అప్పుడే వివరణ ఇచ్చినది. వస్తు సేవల పన్ను చట్టం 2017 ప్రకారం కానుకగా పంచిన వస్తువుల మీద కట్టిన పన్నును వర్తకుడు సర్దుబాటు చేసుకోవడానికి వీలు లేదు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మందుల కంపెనీలు వైద్యులకు ఇచ్చే కానుకల విషయంలో తీర్పు చెబుతూ, ఆ ఖర్చును పన్ను లెక్కలో మినహాయించడానికి నిరాకరించినది. ఆ కానుకల వెల చివరకు మందు ధరలో కలిసి రోగి నెత్తినే పడుతుందని న్యాయస్థానం గుర్తించినది.

ఈ చివరి మాట మనకు ముఖ్యం. పురుగుమందు కంపెనీ డీలరుకు విదేశయాత్ర ఇస్తే ఆ టికెట్టు ఖర్చు ఎక్కడి నుండి వస్తుంది? డీలరు తన లక్ష్యం చేరడానికి ఏ మందును రైతు చేతిలో పెడతాడు? పంటకు అవసరమైన దానినా, పథకంలో ఉన్న దానినా? పంపిణీ గొలుసులో కానుకలు పైనుండి కిందికి వస్తుంటే వాటి ఖర్చు కిందినుండి పైకి పోతుంది. గొలుసు చివర ఉన్న రైతు ఇంటికి చేరేది కాలెండరు మాత్రమే.

కాలెండరును తక్కువ చేయనక్కరలేదు. మన ఇళ్ళలో అది గోడకు వేలాడే పుస్తకం. పాల లెక్క, గ్యాసు బండ తేదీ, కూలీల హాజరు, పిల్లల పరీక్షల తేదీ అన్నీ దాని మీదే. 2020 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ శాఖలను, ప్రభుత్వ రంగ సంస్థలను, బ్యాంకులను కాలెండర్లు, డైరీలు, పండుగ కార్డులు ముద్రించవద్దని ఆదేశించిన తరువాత గ్రామాలలో దుకాణాల కాలెండరుకు విలువ మరింత పెరిగినది. అంతమాత్రాన ఆ కాలెండరు మీద పేరున్న దుకాణానికే సరుకు తీసుకువెళ్ళాలన్న బాధ్యత ఇంటికి ఏర్పడదు.

కానుక వెల, కోత విలువ

విషయాన్ని అంకెలలో చూద్దాం. ఇది ఏ ఒక్క దుకాణం లెక్క కాదు, అర్థం కావడానికి వేసుకున్న ఉదాహరణ. ఒక కుటుంబం 40 క్వింటాళ్ళ పత్తిని క్వింటాలు 7,500 రూపాయలకు అమ్మినదనుకుందాం. మొత్తం 3,00,000 రూపాయలు.

క్వింటాలుకు ఒక కిలో చొప్పున తరుగు పేరుతో తీసివేస్తే 40 కిలోలు. కిలో 75 రూపాయల లెక్కన 3,000 రూపాయలు. రైతు నుండి 2 శాతం కమీషను కోస్తే 6,000 రూపాయలు. జూన్‌లో తెచ్చుకున్న లక్ష రూపాయలకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అయితే డిసెంబరు నాటికి 12,000 రూపాయలు. మూడూ కలిపితే 21,000 రూపాయలు. మిఠాయి, రవికె గుడ్డ, కాలెండరు అన్నీ కలిపి వెయ్యి రూపాయలు అనుకున్నా, కానుక ఆ కోతలలో ఇరవయ్యో వంతుకు కూడా చాలదు.

ఇప్పుడు ఒక్కొక్కదానిని విడిగా చూడాలి. కర్ణాటక 1966 నాటి వ్యవసాయ మార్కెట్ చట్టం ప్రకారం మార్కెట్ రుసుము కట్టవలసినది కొనుగోలుదారు. అడ్తి కమీషను కూడా కొన్నవారి నుండి రావలసినదే గాని రైతు చీటీలో కోయవలసినది కాదు. ఆదోని యార్డుకో, గద్వాల యార్డుకో వెళ్ళేవారు అక్కడి రాష్ట్రాల నియమాలు వేరని గుర్తుంచుకుని, ముందే అడిగి తెలుసుకోవాలి. 1956లో గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరు జిల్లా నుండి విడిపోయినా రైతుల రాకపోకలు ఆగలేదు. కాని సరిహద్దు దాటితే చట్టం మారుతుంది.

తేమ విషయంలో కూడా కొలత ఉన్నది. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 శాతం వరకు దామాషాగా తగ్గింపు, ఆపైన కొనుగోలు లేదు. 2025-26 సీజనుకు మధ్యరకం పింజ పత్తికి 7,710, పొడవు పింజకు 8,110 రూపాయలు క్వింటాలు మద్దతు ధరగా నిర్ణయించారు. తేమ యంత్రం చూపిన అంకె చీటీలో రాయకుండా అందాజుగా తరుగు తీయడం ఏ పద్ధతికీ చెందదు.

వడ్డీ సంగతి వేరు. సకాలంలో తీర్చే రైతుకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు 4 శాతం వడ్డీకే పంట రుణం లభించే పథకం చాలా ఏళ్ళుగా ఉన్నది. కర్ణాటక సహకార సంఘాల వడ్డీలేని స్వల్పకాలిక రుణ పరిమితిని 3 లక్షల నుండి 5 లక్షలకు పెంచుతున్నట్లు 2023-24 బడ్జెటులో ప్రకటించారు. లక్ష రూపాయలకు ఆరు నెలలకు 4 శాతం చొప్పున వడ్డీ 2,000 రూపాయలు. గద్దె దగ్గర 12,000. ఈ తేడా పది వేలు.

అయినా న్యాయంగా ఒక మాట చెప్పాలి. అర్ధరాత్రి ఆసుపత్రికి డబ్బు కావలసి వచ్చినప్పుడు బ్యాంకు తలుపు తెరవదు, షావుకారు తెరుస్తాడు. పెళ్ళి కుదిరినప్పుడు, బోరు ఎండిపోయినప్పుడు కాగితాలు అడగకుండా చేయి అందించేది ఆయనే. కౌలుకు చేసుకునే వారికి, తుంగభద్ర ఎడమకాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాల క్యాంపులలో స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాలకు ఈ చేయూత లేకుంటే సేద్యమే సాగకపోయేది. తూకంలో, మాటలో నిక్కచ్చిగా ఉండే దుకాణాలు గంజ్‌లో ఉన్నాయి. అటువంటి వారికి ఈ వ్యాసం వల్ల నష్టం లేదు, లాభమే. లెక్క చూపమని రైతులందరూ అడగడం మొదలుపెడితే నిజాయితీ గల వర్తకుడికే ఖాతాలు పెరుగుతాయి.

శుభాకాంక్షలకు ఉన్న భాష లెక్కకు లేదా?

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నందున, రెండు భాషల మధ్య పిల్లలు పడే పాట్లు నిత్యం చూస్తున్నందున, ఒక విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. పండుగ కార్డు మీద, కాలెండరు మీద దుకాణాల వారు తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోను శుభాకాంక్షలు అచ్చు వేయిస్తారు. ఖాతాదారుడు తెలుగువాడని వారికి తెలుసు, అతని మనసుకు దగ్గర కావాలంటే అతని భాషలో పలకరించాలనీ తెలుసు. కాని అదే దుకాణం ఇచ్చే తక్‌పట్టీ చాలాచోట్ల కన్నడంలో, లేదా కంప్యూటరు ముద్రించిన ఇంగ్లీషు పొట్టి అక్షరాలలో ఉంటుంది. సరుకు తూకం, ధర, కోతలు, చేతికి వచ్చే మొత్తం ఉండేది ఆ చీటీలోనే. పలకరింపు మన భాషలోను, లెక్క మనకు రాని భాషలోను ఉంటే ఆ మర్యాద సగమే అయినట్లు.

సరిహద్దు ఇళ్ళలో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉన్నది. తల్లిదండ్రులకు తెలుగు అక్షరాలు కొంత వచ్చు, కన్నడ అక్షరాలు రావు. పిల్లలు కన్నడ బడిలో చదువుతారు, తెలుగు మాట్లాడతారు గాని రాసినది చదవలేరు. రాయచూరు చీటీని పిల్లవాడు చదవగలడు, తండ్రి చదవలేడు. ఆదోని చీటీని తండ్రి కూడబలుక్కోగలడు, పిల్లవాడు చదవలేడు. ఇద్దరూ కలిసి కూర్చుంటే రెండు చీటీలూ చదవవచ్చు. కాని కూర్చోవడం జరగదు. చీటీ జేబులో నలిగిపోతుంది, మిఠాయి పెట్టె మాత్రం ఇంటికి చేరుతుంది.

బడిలో పిల్లలకు శాతాలు, సాధారణ వడ్డీ నేర్పుతాము. ఆ పాఠాలకు ఇంటి తక్‌పట్టీ కంటే మంచి ఉదాహరణ ఉండదు. తన ఇంటి పత్తి మీద ఎంత తరుగు పోయినదో పిల్లవాడు స్వయంగా లెక్కగట్టిన నాడు గణితం ఎందుకన్న ప్రశ్న అతనికి రాదు.

వర్తకులకు విన్నపం, కుటుంబాలకు సూచన

వర్తక సోదరులకు విన్నపం ఇది. ఖాతాదారుని పట్ల కృతజ్ఞత చూపదలచినట్లయితే మిఠాయి పెట్టెతో పాటు నాలుగు పనులు చేయండి. తక్‌పట్టీని తెలుగు, కన్నడ రెండింటిలోను ముద్రించండి. తేమ అంకెను, తూకాన్ని, ప్రతి కోతను, దాని కారణాన్ని విడివిడిగా రాయండి. దీపావళి పూజకు వచ్చిన ఖాతాదారునికి ఆనాటి వరకు ఉన్న అప్పు, వడ్డీ, చెల్లింపులు ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. డబ్బు ఏ తేదీన ఇస్తారో చీటీలోనే పేర్కొనండి. వీటికి అయ్యే ఖర్చు కిలో మిఠాయి కంటే తక్కువ. వీటి వల్ల వచ్చే నమ్మకం తరతరాలు నిలుస్తుంది. బస్తాలు మోసే హమాలీలను, కాంటా దగ్గర చీకటి పడే దాకా నిలబడే కూలీలను కూడా ఆ పండుగనాడు మరువకండి. వారు లేనిదే గంజ్ లేదు.

కుటుంబాల వారు పాటించదగినవి కొన్ని ఉన్నాయి. కానుకను సంతోషంగా స్వీకరించండి. నిరాకరించి మనిషిని నొప్పించవలసిన అవసరం లేదు. అయితే సరుకు బండి కదలకముందే కనీసం రెండు చోట్ల ధర విచారించండి. రాయచూరు యార్డులో ఆన్‌లైన్ టెండరులో మీ లాటుకు నమోదైన ధరను, చీటీలో రాసిన ధరను పోల్చి చూడండి. చీటీలన్నింటినీ ఒక దారానికి గుచ్చి దాచండి. అడ్డగోలు కోత కనిపిస్తే మొదట దుకాణంలోనే మర్యాదగా అడగండి, సమాధానం రాకపోతే మార్కెట్ కమిటీ కార్యాలయానికి, తూకంలో మోసమనిపిస్తే తూనికలు కొలతల శాఖకు రాతపూర్వకంగా తెలపండి. చీర అందుకున్న ఇల్లాలికి చీటీ చూసే హక్కు కూడా ఉన్నది. ఇంటి అప్పు ఎంతో ఆమెకు తెలియని ఇళ్ళలోనే ఆ అప్పు త్వరగా పెరుగుతుంది.

బన్ని ఆకు మనకు నేర్పిన మర్యాద ఇద్దరినీ సమానంగా నిలబెట్టేది. గద్దె మీద ఉన్నవాడు సరైన లెక్క చూపినప్పుడు, గద్దె ముందున్నవాడు దానిని చదివి సరేనన్నప్పుడు ఆ సమానత్వం వ్యాపారంలోకి కూడా వస్తుంది. రానున్న దీపావళికి గంజ్ నుండి ఇంటికి తెచ్చుకునే వాటిలో మిఠాయి పెట్టె ఒక చేతిలో ఉంటే, రెండవ చేతిలో సంతకం చేసిన లెక్క కాగితం ఉండాలని ప్రతి కుటుంబం పట్టుబట్టాలి.